నల్లని చతురస్రము

చిత్రకళను గురించి రేడియోలో ప్రసంగించుట ఒక విధమైన సాహసము. చెవులతో చిత్రమును చూడవలసినదిగా శ్రోతలను కోరుట వంటిది. రవివర్మ దమయంతిని గాని, అజంతా గుహలలోని పద్మపాణిని గాని మాటలతో మీ ముందు నిలుపవలెనన్న ఎంతటి వక్తకైనను శక్తి చాలదు. కాని రేడియోకు సరిగా సరిపోవు చిత్రము ప్రపంచములో ఒకటి ఉన్నది. శ్రోతలు ఒక్క క్షణము కన్నులు మూసికొని, నిలువును అడ్డమును 80 సెంటీమీటర్లకు కొంచెము తక్కువగా ఉన్న ఒక తెల్లని పటమును తలచుకొనవలెనని కోరుచున్నాము. దాని నాలుగు అంచులలోను కొద్దిగా తెలుపు విడిచి, నడుమ అంతయు నల్లరంగుతో నింపవలెను. అంతే, చిత్రము పూర్తియైనది. ఇప్పుడు మీ మనస్సులో కనిపించుచున్నదానికిని, మాస్కోలోని ట్రెత్యకోవ్ చిత్రశాలలో ఉన్నదానికిని భేదము చాల స్వల్పము. ఆ స్వల్పభేదమేమో చివర చెప్పుకొందము.

ఇంతమాత్రమునకు చిత్రకారుడు కావలెనా? ఒకప్పుడు బడికి పోవు ప్రతి పిల్లవాని సంచిలోను ఇటువంటి చిత్రమొకటి ఉండెడిది గదా, కట్టె చట్రము బిగించిన నల్లని పలక! ఈ ప్రశ్న వేయువారిని మేము పలుమార్లు చూచినాము. పూర్వము మేమును వేసినవారమే. ప్రశ్న న్యాయమైనది. చతురస్రమునకు, వృత్తమునకు, త్రిభుజమునకు, ఎరుపునకు, నీలమునకు గూఢార్థములు కలవనియు, ఆ నిఘంటువు తెలిసినవారికే ఈ చిత్రములు బోధపడుననియు కొందరు సమాధానము చెప్పుదురు. అర్థమేమియు లేదు, అంతయు మోసమని మరికొందరందురు. ఈ రెండు మాటలును మమ్ము తృప్తిపరచలేదు. ఎందువలననో తెలుపుటకు ఈ నల్లని చతురస్రము జీవితచరిత్రను వినిపింపవలసియున్నది. చిత్రమునకు జీవితచరిత్ర ఏమని అనుకొనరాదు. మనుష్యులకు వలెనే దీనికిని పుట్టిన చోటు, పెంపకము, అజ్ఞాతవాసము అన్నియు ఉన్నవి.

దీనిని వేసినవాడు కజిమిర్ మాలేవిచ్. 1879లో కీవ్ నగరమున పోలిష్ దంపతులకు జన్మించినాడు. తండ్రి చక్కెర కర్మాగారములలో ఉద్యోగి. అక్కడి చక్కెర చెరకుతో గాక బీటుదుంపలతో తయారగునది. ఆ కర్మాగారముల చుట్టునున్న పల్లెలలో మాలేవిచ్ బాల్యము గడచినది. రైతుకుటుంబములవారు తమ ఇండ్లలో పొయ్యిల మీదను గోడల మీదను పూలు, కోడిపుంజులు, గుర్రములు చిత్రించుట చూచి తనకు బొమ్మల మీద మక్కువ కలిగినదని పెద్దవాడైన పిదప వ్రాసికొన్నాడు. సాన్నిధ్యము చేత అబ్బిన విద్య అది.

1915వ సంవత్సరము డిసెంబరు మాసములో, మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండగా, పెట్రోగ్రాడ్ నగరమున ఒక చిత్రప్రదర్శనము జరిగినది. నేటి సెంట్ పీటర్స్‌బర్గ్ నగరమునకు అప్పటి పేరు పెట్రోగ్రాడ్. ప్రదర్శనము పేరు వింతయైనది: 'చివరి ఫ్యూచరిస్టు చిత్రప్రదర్శనము, 0,10'. పాతకళ అంతయు సున్నకు చేరినదనియు, అక్కడనుండి ముందుకు సాగవలెననియు సున్నకు భావము. పదిమంది చిత్రకారులు పాల్గొందురని పది. తుదకు పాల్గొన్నవారు పద్నాలుగురు. పేరు మాత్రము మారలేదు. అందులో మాలేవిచ్ తన చిత్రములను 39 ప్రదర్శించినాడు. మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. చతురస్రములు, దీర్ఘచతురస్రములు, వృత్తములు, శిలువలు మాత్రమే. మిగిలిన చిత్రములను గోడల మీద వరుసలుగా వ్రేలాడదీసి, నల్లని చతురస్రమును మాత్రము గది మూలలో, పైకప్పునకు దగ్గరగా, రెండు గోడలను కలుపుచు అడ్డముగా కట్టినాడు.

ఈ మూల సంగతి తెలిసిననేగాని చిత్రము సంగతి తెలియదు. మన ఇండ్లలో దేవుని గూడు ఉన్నట్లే రష్యా దేశపు ఇండ్లలో తూర్పు మూలను ఎత్తుగా క్రీస్తు, మేరీమాత, పునీతుల పటములను నిలుపుదురు. గడప దాటి వచ్చిన అతిథి ఇంటివారిని పలుకరించుటకు ముందు ఆ మూలకు తిరిగి శిలువగుర్తు చేసికొనును. ఆ మూలకు 'క్రాస్నీ ఊగల్' అని పేరు. క్రాస్నీ అనగా నేటి రష్యన్ భాషలో ఎరుపు, ప్రాచీనార్థము సుందరమని. ఎర్ర మూల, అందాల మూల, రెండును ఒకే మాట. రంగులకు అర్థములు వెదకబోవువారు ముందుగా ఈ ఒక్క పదమును గమనింపవలెను. మరియొక భాష మాటలాడు జనులకు ఎరుపులో ఈ సౌందర్యము వినిపింపదు.

దైవమూర్తి ఉండవలసిన మూలలో ఒక నల్లని చతురస్రము! ప్రేక్షకులు నవ్వినారు, కోపించినారు. ఆనాటి ప్రముఖ విమర్శకుడు అలెగ్జాండర్ బెనువా మాత్రము నవ్వలేదు. మేరీమాత స్థానమున నిలుపుటకు వీరు తెచ్చిన కొత్త విగ్రహము ఇదియేనని పత్రికలో తీవ్రముగా నిందించినాడు. మా దృష్టిలో ఆ చిత్రమును అందరికంటె బాగుగా అర్థము చేసికొన్నవాడు దానిని ద్వేషించిన ఈ బెనువాయే. అదే పటమును ప్రక్కగోడ మీద, కంటి ఎత్తున, మిగిలిన వాటి నడుమ వ్రేలాడదీసియున్నచో ఏమగును? ఒక వింతబొమ్మగా చూచి జనులు దాటిపోయియుందురు. అర్థము నలుపులో లేదు, నాలుగు భుజములలో లేదు. పటమును కట్టిన మూలలో ఉన్నది.

ప్రదర్శనపు పట్టికలో దాని పేరు 'చతుర్భుజము' అని మాత్రమే ఉన్నది. చతురస్రమని లేదు. అది పొరబాటు కాదు. కొలబద్ద పెట్టి చూచినచో ఆ ఆకారమునకు ఏ భుజమును పటము అంచునకు సమాంతరముగా లేదు. చేతితో గీసినది గనుక కొంచెము ఒరిగి, కొంచెము కదలుచున్నట్లుండును. దీనికి తేదీ విషయములో మాలేవిచ్ ఒక చిన్న మాయ చేసినాడు. 1915లో వేసిన చిత్రమును 1913 నాటిదని చెప్పుచుండెడివాడు. 1913లో 'సూర్యునిపై విజయము' అను సంగీతరూపకమునకు ఆయన తెరలు, వేషములు రచించినాడు. సూర్యుని బంధించి చీకటిని జయశాలిగా నిలుపు విచిత్రమైన కథ అది. ఆ తెరల చిత్తుగీతలలో నల్లని చతురస్రము ఛాయ తొంగిచూచినది. తన బిడ్డ అప్పుడే పుట్టినదని ఆయన భావన. బిడ్డ అను మాట మా కల్పన కాదు. ఆ చతురస్రమును ఆయన సజీవమైన రాజశిశువుగా వర్ణించినాడు.

ఆ ప్రదర్శనములోనే తెల్లని నేలమీద ఒక ఎర్రని చతురస్రము కూడ ఉన్నది. దానికి ఆయన పెట్టిన పేరు: 'రెండు పరిమాణములలో ఒక రైతుస్త్రీ, చిత్రకళా వాస్తవికత'. కొంగు లేదు, కొడవలి లేదు, ముఖము లేదు. రైతుస్త్రీ అనిన వెంటనే ప్రేక్షకుని కన్ను ఆ ఎరుపులో ఒక స్త్రీని వెదకుటకు మొదలిడును. పల్లెటూరి ఎర్రని పావడ, ఎర్రని మూల, సుందరమను ప్రాచీనార్థము, ఏది దొరికిన దానిని పట్టుకొనును. ఇందులో చిత్రకారుని చిరునవ్వు లేకపోలేదని మా అనుమానము.

అయితే అయిదేండ్లు గడచునప్పటికి ఆ రైతుస్త్రీ మాయమైనది. 1917లో రష్యాలో విప్లవము వచ్చినది. 1918లో మాలేవిచ్ తెల్లని నేలమీద తెల్లని చతురస్రమును వేసినాడు. అది ఇప్పుడు న్యూయార్కు నగరములో ఉన్నది. 1920లో వితెబ్స్క్ పట్టణమున ఒక చిత్రసంపుటిని ప్రచురించుచు, తన మూడు చతురస్రములకు కొత్త వ్యాఖ్యానము వ్రాసినాడు. నలుపు మితత్వమునకు చిహ్నము. ఎరుపు విప్లవమునకు సంకేతము. తెలుపు శుద్ధకర్మకు గుర్తు. 1927లో జర్మనీలో వెలువడిన గ్రంథములో మరల వేరొక మాట: నల్లని చతురస్రము అనుభూతి, దాని చుట్టునున్న తెలుపు ఆ అనుభూతికి ఆవలనున్న శూన్యము. చిత్రము ఒకటే, చిత్రకారుడు ఒకడే, పన్నెండేండ్ల కాలములో ఇన్ని అర్థములు! దీనిని మేము కపటముగా ఎంచుట లేదు. దేశము మారినది, పటము ఉన్న గోడ మారినది, చూచువారు మారినారు. మారుచున్న ఆ అర్థములను దాచక, ఆయన ఎప్పటికప్పుడు వ్రాసి పెట్టినాడు.

ఇదే కాలములో మరియొక రష్యన్ చిత్రకారుడు దీనికి పూర్తిగా విరుద్ధమైన ప్రయత్నము చేసినాడు. ప్రతి రంగునకు, ప్రతి ఆకారమునకు మారని అర్థము కలదనియు, సంగీతమునకు స్వరములున్నట్లే చిత్రకళకు ఒక విశ్వవ్యాకరణము ఉండితీరవలెననియు ఆయన విశ్వాసము. ఆయనే వాసిలీ కాందిన్‌స్కీ. 1866లో మాస్కోలో జన్మించి, న్యాయశాస్త్రము చదివి, ముప్పది ఏండ్ల వయస్సున ఆ వృత్తిని విడిచి మ్యూనిక్ నగరమునకు చిత్రకళ నేర్చుకొన బోయినాడు. 1911 చివర వెలువడిన 'కళలో ఆధ్యాత్మికత' అను గ్రంథములో రంగుల స్వభావములను మనుష్యుల స్వభావములవలె వర్ణించినాడు. పసుపు బాకావలె బిగ్గరగా మ్రోగుచు మనమీదికి వచ్చును. నీలము మనలను లోపలికి లాగికొనిపోవును. లేత నీలము వేణువు, ముదురు నీలము సెల్లో, అంతకంటె లోతైనది ఆర్గన్ వాద్యము. ఆకుపచ్చ మీద మాత్రము ఆయనకు జాలి లేదు; మేత మేసి నెమరువేయుచు పండుకొన్న బలిసిన ఆవుతో పోల్చినాడు. మన దేశములో ఆవుతో పోల్చుట పొగడ్తయే గదా అని మాకు తోచినది! తెలుపు, పుట్టుకకు ముందున్న మౌనమట, ఏమైనను పుట్టవచ్చును. నలుపు ఇక ఏమియు పుట్టని మౌనము. ఇక్కడ శ్రోతలు ఆగి గమనింపవలెను. కాందిన్‌స్కీకి మృతమైన ఆ నలుపే మాలేవిచ్‌కు రాజశిశువు.

కాందిన్‌స్కీ భావములకు ఆధారములు అనేకము. అందులో ఒకటి మన మద్రాసు నగరముతో సంబంధము కలది. 1882లో దివ్యజ్ఞానసమాజము తన ప్రధాన కార్యాలయమును అడయారునకు మార్చుకొన్నది. ఆ సమాజమునకు పిమ్మట అధ్యక్షురాలైన అనీబిసెంటు, లెడ్‌బీటరుతో కలిసి రచించిన 'థాట్ ఫారమ్స్' అను గ్రంథము 1905లో లండనులో వెలువడినది. మనుష్యుని ఆలోచనలకు ఆకారములు, వర్ణములు కలవని అందలి ప్రతిపాదన. భక్తికి నీలము, బుద్ధికి పసుపు, కోపమునకు ఎరుపు, ద్వేషమునకు నలుపు అని ఒక వర్ణపట్టికయు కలదు. ఈ గ్రంథపు జర్మన్ అనువాదమును కాందిన్‌స్కీ చదివినాడు. ఇంతమాత్రమున ఐరోపా నూతన చిత్రకళ అడయారు మఱ్ఱినీడను పుట్టినదని మనము జబ్బలు చరచుకొనరాదు. ఆ పట్టికలోని అర్థములు మన పురాణములనుండి గాని, శిల్పశాస్త్రములనుండి గాని తీసికొన్నవి కావు. శ్రీకృష్ణుని నల్లనివాడని పిలిచి మురిసిపోవు జనులకు నలుపు ద్వేషమని ఎవరు చెప్పినను ఎక్కదు.

1922లో కాందిన్‌స్కీ జర్మనీలోని వైమార్ పట్టణమున బౌహౌస్ అను ప్రసిద్ధ కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరినాడు. ఆ డిసెంబరులోనే ఆయన చిత్రములును, పాల్ క్లే మొదలైన ఆ కళాశాల ఆచార్యుల చిత్రములును కలకత్తాకు వచ్చి, ప్రాచ్యకళాసంఘము ప్రదర్శనములో గగనేంద్రనాథ ఠాకూరు ప్రభృతుల చిత్రములతో కలిసి ఒకే కప్పు క్రింద నిలిచినవి. మరుసటి యేడు, అనగా 1923లో, కాందిన్‌స్కీ కళాశాలలో ఒక ప్రశ్నపత్రమును పంచిపెట్టినాడు. అందులో ఒక త్రిభుజము, ఒక చతురస్రము, ఒక వృత్తము. పసుపు, ఎరుపు, నీలములలో దేనికి ఏది తగునో నింపి, కారణము చెప్పవలెను. ఎక్కువమంది ఆయన కోరిన సమాధానమే ఇచ్చినారు: త్రిభుజమునకు పసుపు, చతురస్రమునకు ఎరుపు, వృత్తమునకు నీలము. పసుపు వాడియైనది, కోణమును వాడియైనది. నీలము లోతైనది, వృత్తమునకు అంతము లేదు. తర్కము సొగసుగానే ఉన్నది. కాని సమాధానము చెప్పినవారు ఆయన శిష్యులు, సహోద్యోగులు అని మరువరాదు. అదే కళాశాలలోని ఓస్కార్ ష్లెమ్మర్ మాత్రము తన మనస్సు వృత్తమునకు ఎరుపునే కోరునని ఒక జాబులో వ్రాసినాడు. తరువాతి దశాబ్దములలో మనస్తత్త్వ పరిశోధకులు ఈ పరీక్షను సామాన్యజనులకు పెట్టి చూచినపుడు కాందిన్‌స్కీ జతలు నిలువలేదు. జనులు సూర్యుని తలచుకొని వృత్తమునకు పసుపు, దారిప్రక్కన నిలిపిన హెచ్చరిక పలకలను తలచుకొని త్రిభుజమునకు ఎరుపు ఇచ్చుట కనబడినది.

మధ్యాహ్న విరామవేళ మేమును మా కార్యాలయములో ఈ పరీక్షను సరదాకు చేసి చూచినాము. వీణ వాయించు మిత్రుడొకరు క్షణమైనను ఆలోచింపక వృత్తమునకు ఎరుపు రాసి, "బొట్టు గదండీ!" అన్నారు. లెక్కలు చూచు ఉద్యోగి త్రిభుజమునకు ఎరుపు ఇచ్చినారు. కారణమడిగితిమి. కుటుంబనియంత్రణ ప్రచారమునకు ఆసుపత్రుల గోడలమీద వేయుచు వచ్చిన ఎర్ర త్రికోణము జ్ఞప్తికి వచ్చినదట! ఒక సోదరి మాత్రము పసుపును చతురస్రమునకు ఇచ్చి, పసుపు పూసిన గడపను తలచుకొన్నానన్నారు. గడప చతురస్రము కాదని ఎవరో అన్నారు. "ముగ్గు వేసినచో అంతయు ముచ్చటగానే ఉండును" అని ఆమె సమాధానము. కాందిన్‌స్కీ ఆనాడు మా గదిలో ఉన్నచో చింతించియుండును. మాకు మాత్రము చాల విషయము తెలిసినది.

విశ్వమంతటికి ఒకే రంగుల భాష కావలెనని వెదకినవారు మరి ఇద్దరున్నారు. హాలెండు దేశీయుడు పీట్ మోండ్రియన్ 1909లో దివ్యజ్ఞానసమాజములో సభ్యుడైనాడు. నిలువుగీత పురుషుడనియు ఆత్మయనియు, అడ్డగీత ప్రకృతియనియు భావించి, ఆ రెండింటి కలయికతోను, ఎరుపు, పసుపు, నీలములతోను, తెలుపు, నలుపు, బూడిదరంగులతోను మాత్రమే చిత్రించినాడు. ఏటవాలు గీతను మిత్రుడు వాన్ డూస్‌బుర్గ్ వాడినందుకు స్నేహమే చెడినది. పారిస్‌లోని తన గదిలో ఒక కృత్రిమమైన తులిప్ పువ్వు ఉంచుకొని, దాని ఆకుపచ్చని ఆకునకు తెల్లరంగు పూసినాడు! స్వీడన్ దేశమున హిల్మా ఆఫ్ క్లింట్ అను చిత్రకారిణి 1906 నుండి 1915 వరకు 193 చిత్రములను ఒక దేవాలయము కొరకని వేసినది. ఆమె నిఘంటువులో నీలము స్త్రీ, పసుపు పురుషుడు, ఆకుపచ్చ వారి ఐక్యము. కాందిన్‌స్కీ ఏవగించుకొన్న ఆకుపచ్చకు ఈమె వద్ద పెండ్లిపీట దొరికినది. తన మరణానంతరము ఇరువది ఏండ్లవరకు వానిని చూపరాదని కట్టడి చేసినది. 2018-19లో న్యూయార్కులోని గుగెన్‌హైమ్ ప్రదర్శనశాలలో వానిని చూచినవారు ఆరు లక్షలకు పైగా ఉన్నారు. హిల్మా, మోండ్రియన్, కాందిన్‌స్కీ, ముగ్గురును 1944వ సంవత్సరముననే మరణించినారు. ముగ్గురును విశ్వభాషను వెదకి, మూడు సొంతభాషలను మిగిల్చినారు.

మరల మాలేవిచ్ కథకు వత్తము. వితెబ్స్క్ పట్టణములో మార్క్ షగాల్ స్థాపించిన కళాశాలకు ఆయన 1919లో ఉపాధ్యాయుడుగా వెళ్లినాడు. ఆయన బోధనకు ముగ్ధులైన విద్యార్థులు 1920లో ఒక సంఘముగా ఏర్పడి, చొక్కా చేతులమీద చిన్న నల్లని చతురస్రమును కుట్టుకొని తిరిగెడివారు. దేవుని మూలనుండి దిగివచ్చి ఆ నలుపు ఇప్పుడు దండుగుర్తు అయినది. అక్కడి మరియొక ఉపాధ్యాయుడు ఎల్ లిసిట్స్కీ ఆ ఆకారములతోనే ఒక గోడపత్రమును రచించినాడు. ఎర్రని త్రిభుజము ఒకటి తెల్లని వృత్తములోనికి శూలమువలె చొచ్చుకొనిపోవుచుండును. అప్పటి అంతర్యుద్ధములో ఎర్రవారు, తెల్లవారు అని రెండు పక్షములు, ఎర్రవారనగా బోల్షెవిక్కులు. ఆ సంగతి తెలిసినవానికి అది యుద్ధపిలుపు. తెలుపును శాంతికి గుర్తుగా ఎరిగిన మనవంటివారు చూచినచో అది శాంతిని పొడిచినట్లుండును.

ఎరుపును విప్లవసంకేతమని వ్రాసిన మాలేవిచ్‌ను ఆ విప్లవప్రభుత్వమే క్రమముగా దూరము చేసినది. జనులకు సులభముగా అర్థమగు బొమ్మలు కావలెను, కర్మాగారములు, పంటచేలు, నాయకులు కనబడవలెను; చతురస్రములు పనికిరావు అని అధికారుల తీర్పు. 1927లో ఆయన వార్సా, బెర్లిన్ నగరములకు వెళ్లి, అక్కడ ప్రదర్శించిన చిత్రములను విదేశముననే ఉంచి, తాను మాత్రము తిరిగివచ్చినాడు. 1930లో అరెస్టు చేసి, కొన్ని నెలలు నిర్బంధములో ఉంచి ప్రశ్నించినారు. ఆ కాలములో ఆయన మరల మనుష్యుల బొమ్మలు వేసినాడు. రైతులు, కాని వారికి ముఖములు లేవు. ముఖమున్న చోట నున్నని కోడిగ్రుడ్డు ఆకారము. పసుపు చొక్కా ధరించిన ఒక మనిషి, వెనుక కిటికీలు లేని ఎర్రని ఇల్లు. శూన్యత, ఏకాకితనము, జీవితమున దారిలేనితనము అను భావములనుండి ఈ చిత్రము కలిగినదని పటము వెనుక తన చేతితోనే వ్రాసినాడు. ఎరుపునకు, పసుపునకు ఆయన ఇచ్చిన చివరి అర్థములు ఇవి. ఆయన పుట్టిన ఉక్రెయిన్ గ్రామసీమలలో 1932-33 సంవత్సరములందు లక్షలాది జనులు ఆకలితో మరణించినారు. ఆ ముఖములేని రైతులను చూచినపుడు ఈ సంగతి తలపునకు రాకుండుట కష్టము.

1933లో ఆయన తన రూపమును తానే చిత్రించుకొన్నాడు. పూర్వపు ఇటలీ చిత్రకారులవలె ఎరుపు, నలుపుల దుస్తులు ధరించి, ఠీవిగా నిలిచినాడు. అధికారులకు నచ్చవలసిన బొమ్మయే. కాని క్రింద ఒక మూల, పేరు వ్రాయవలసిన చోట, చిన్న నల్లని చతురస్రము ఉన్నది. ప్రసంగములన్నియు మూసివేసిన తరువాత ఆయన పలికిన ఒక్క మాట అది. ఆ మాట వ్యాఖ్యానమునకు లొంగదు. విప్లవమా, శూన్యమా, దైవమా అని అడుగుటకు కూడ చోటు లేదు. 'ఇది నేను' అని మాత్రమే దాని అర్థము.

1935 మే 15వ తేదీన లెనిన్‌గ్రాడ్‌లో క్యాన్సరు వ్యాధితో మాలేవిచ్ మరణించినాడు. పడకకు పైగా గోడమీద నల్లని చతురస్రము ఉన్నది. శిష్యుడు సుయేతిన్ రచించిన శవపేటికను లారీలో ఎక్కించి ఊరేగించినారు. లారీ ముందుభాగమున నల్లని చతురస్రము. చితాభస్మమును మాస్కో సమీపమున నెమ్చినోవ్కా గ్రామములో, ఆయనకు ప్రియమైన ఓక్ వృక్షము క్రింద ఉంచి, ఒక తెల్లని ఘనము మీద నల్లని చతురస్రమును చిత్రించి గుర్తుగా నిలిపినారు. ఇరువది యేండ్లక్రింద దేవుని మూలలో నిలిచి జనులను నవ్వించిన ఆకారమే ఇక్కడ సమాధిఫలకమైనది. ఆ గుర్తు రెండవ ప్రపంచయుద్ధ కాలములో జాడ తెలియకుండ పోయినది. మొదటి చిత్రము మాత్రము దాదాపు అర్ధశతాబ్దము మాస్కోలోని చిత్రశాల గిడ్డంగిలో అజ్ఞాతవాసము చేసినది. ఆయన స్వయముగా వేసిన నల్లని చతురస్రములు మొత్తము నాలుగు. చివరిదానిని 2002లో పది లక్షల డాలర్లకు కొని హెర్మిటేజ్ ప్రదర్శనశాలకు అప్పగించినారు.

నలుపుతోనే జీవితమును ముడివేసికొన్న భారతీయ చిత్రకారుడు ఒకరున్నారు. సయ్యద్ హైదర్ రజా 1922లో మధ్యపరగణాలలోని బాబరియా గ్రామమున, ఒక అటవీ ఉద్యోగి ఇంట జన్మించినారు. బడిలో ఈ బాలుని మనస్సు నిలుకడలేక తిరుగుచుండుట చూచి, ఉపాధ్యాయుడొకరు తెల్లని గోడమీద నల్లని చుక్క పెట్టి, దానివంకనే చూచుచు కూర్చుండుమన్నారట. 1950లో పారిస్ చేరి, పలు దశాబ్దములు కొండలను, ఊళ్లను చిత్రించిన పిదప ఆ చుక్క తిరిగివచ్చినది. ఆయన దానిని బిందువు అన్నారు. పెద్ద నల్లని వృత్తము. దానినుండి రంగులన్నియు, పంచభూతములును వెలువడుచుండును. పరాయిదేశమున ముస్లిం కుటుంబీకుడైన ఒక వృద్ధునికి, గోండువాన పల్లెటూరి బడిగోడ మీది చుక్క సృష్టిబీజమై కనిపించినది. ఆయన 2016లో ఢిల్లీలో మరణింపగా, కోరిక ప్రకారము మాండ్లాలో తండ్రి సమాధి ప్రక్కనే ఖననము చేసినారు. మన కరీంనగరు ప్రాంతపు చిత్రకారుడు పి. టి. రెడ్డిగారును ఇట్లే ప్రౌఢవయస్సులో తాంత్రిక యంత్రముల త్రికోణములను, వృత్తములను తమ చిత్రములలోనికి తెచ్చుకొన్నారు. ఆయన పుట్టిన సంవత్సరమును 1915యే.

ఇక మొదట వాగ్దానము చేసిన స్వల్పభేదము. 2015లో, మొదటి ప్రదర్శనకు నూరేండ్లు నిండిన సందర్భమున, ట్రెత్యకోవ్ చిత్రశాల నిపుణులు ఎక్స్‌రే మొదలగు సాధనములతో నల్లని చతురస్రమును పరీక్షించినారు. నలుపు క్రింద ఒకటి కాదు, రెండు రంగుల చిత్రములు బయటపడినవి. తెల్లని అంచులో పెన్సిలుతో వ్రాసిన కొన్ని అక్షరములును కనిపించినవి; నల్లని పటమును గూర్చి ఒక ఫ్రెంచి హాస్యరచయిత 1897లో ప్రచురించిన పరిహాసమును అవి తలపించుచున్నవని వారి పఠనము. ఆ వ్రాత మాలేవిచ్‌దేనా, మరెవరిదైనయునా అని పండితులు వాదించుకొనుచున్నారు. క్రింది చిత్రముల తడి ఆరకమునుపే నల్లరంగు పూయుటచేత పైపొర అంతయు పగుళ్లు తేలినది. మీరు కన్నులు మూసికొని తలచుకొన్న చతురస్రము నిండు నలుపు. అక్కడిది అట్లు కాదు. దగ్గరకు పోయి నిలిచినచో, వేసవిలో ఎండిన చెరువు నేలవలె బీటలు వారిన నలుపులో, బీటకు బీటకు నడుమ ఏదో పాత చిత్రమునకు సంబంధించిన రంగులు సన్నగా తొంగిచూచుచుండును.